కథకి ఊ కొట్టేదెవరు?

పోయిన దసరాకి హైదరాబాదు నుంచి ఖనికి కారులో బయల్దేరాం. (ఖని అంటే గోదావరిఖని. మావైపు పూర్తి పేరు బస్సు బోర్డు మీదే ఉంటుంది, నోట్లో ఉండదు.) డ్రైవింగ్ నేను, పక్కన అక్క, వెనక సీట్లో అమ్మ, ఆరేళ్ళ మేనకోడలు. ట్యాబ్ చార్జింగ్ ప్రజ్ఞాపూర్ దాకే వచ్చింది. కొమురవెల్లి కమాన్ దగ్గరికొచ్చేసరికి వెనక సీట్లో యుద్ధ వాతావరణం. అక్క తెలివిగా తన ఫోన్ని బ్లూటూత్‌కి కలిపి ఏదో ఇంగ్లీషు ఆడియోబుక్ పెట్టింది. చక్కటి గొంతు, చక్కటి సంగీతం, పిల్ల వింటోంది కూడా. పది నిమిషాలయ్యాక అమ్మ మెల్లగా "ఏమంటుండు బిడ్డా వాడు?" అంది.

సరే అని తెలుగు కథ వెతికి పెట్టాను. ఎవరో ఆవిడ చదువుతోంది. అనగనగా ఒక ఊళ్ళో.. అనగానే వెనక నుంచి అమ్మ "ఊ" అంది. తర్వాతి వాక్యానికి మళ్ళీ "ఊ". మేనకోడలు పగలబడి నవ్వింది. "అమ్మమ్మా, ఆమెకు నువ్వు ఊ అంటే వినపడదే!"

అందరం నవ్వాం. అమ్మ కూడా నవ్వి ఊరుకుంది. కథ మాత్రం నడుస్తూనే ఉంది, ఎవరు విన్నారో వినలేదో దానికేం పట్టింది కనుక. కానీ సిద్దిపేట దాటి, కరీంనగర్ దాటి, ఇంటికొచ్చాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. ఈ టపా ఆ "ఊ" గురించే. కథ వినడానికి మనం వాడిన యంత్రాలన్నిటి చరిత్రనీ ఆ ఒక్క అక్షరం పట్టుకుని చెప్పొచ్చని నాకనిపిస్తోంది. కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపిక చేసుకోండి.

యంత్రాలకి ముందు

ఇంజినీరింగులో నెట్‌వర్క్స్ చదివిన వాళ్ళకి ఊ గురించి చెప్పడం తేలిక. అది ఎక్నాలెడ్జ్‌మెంట్. టీసీపీలో లాగా. నువ్వు పంపిన ముక్క నాకు చేరింది, తర్వాతిది పంపు. ఊ ఆగిపోయిందంటే పిల్ల నిద్రపోయిందని అర్థం, నానమ్మ కథ ఆపేస్తుంది. మర్నాడు ఎక్కడ ఊ ఆగిందో అక్కణ్ణుంచే మొదలు. ఊ కాస్త ఆలస్యంగా వస్తే ముక్క అర్థం కాలేదని, అదే విషయం ఇంకోలా చెబుతుంది. ఊ ఆత్రంగా వస్తే కథని ఇంకాస్త సాగదీస్తుంది. అంటే కథ పొడవు ఎంతన్నది చెప్పేవాళ్ళ చేతిలో కాదు, వినేవాళ్ళ చేతిలో ఉండేది.

ఇది ఇంట్లో పడుకునే ముందు చెప్పుకునే కథలకే పరిమితం కాదు. మా పెద్దపల్లి జిల్లాలోనే ఓదెల మల్లన్న గుడి ఉంది. అక్కడా, కొమురవెల్లిలోనూ పట్నాలు వేసి ఒగ్గు పూజారులు మల్లన్న కథ చెబుతారు. ఒగ్గు అంటే శివుడి చేతిలో ఉండే డమరుకం. దాని పేరు మీదే ఒగ్గు కథ. డోలు, తాళాలు, పెద్ద గొంతులు. మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ.. ఒక్కోటి రాత్రంతా నడుస్తుంది. ఇందులో నాకు నచ్చే విషయం ఏంటంటే, ప్రధాన కథకుడు ఒంటరిగా ఉండడు. పక్కన వంత పాడే వాళ్ళుంటారు. ఆయన ఒక మాటంటే వీళ్ళు అందుకుంటారు, ప్రశ్న వేస్తారు, ఆశ్చర్యపోతారు, మధ్యలో నవ్విస్తారు. బుర్రకథలో అయితే ఇద్దరు వంతలు. ఒకరు హాస్యం చెబితే ఇంకొకరు రాజకీయం మాట్లాడతారు. అంటే మనవాళ్ళు ఊ కొట్టడాన్ని ఒక ఉద్యోగంగా చేసేశారు! అయిదొందల మంది కూర్చుంటే అందరి ఊ వినపడదు కాబట్టి, వాళ్ళందరి తరఫున ఊ కొట్టడానికి ఒక మనిషిని వేదిక మీదే నిలబెట్టారు. సిస్టమ్ డిజైన్ అంటే ఇదీ.

చెవుల్లేని యంత్రం

1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫ్ తయారుచేసి దానిలోకి మొట్టమొదట చెప్పిన మాటలు ఏమిటో తెలుసా? ఒక గొర్రెపిల్ల గురించిన పిల్లల పాట. అంటే మనిషి గొంతుని దాచి మళ్ళీ వినిపించిన మొదటి యంత్రం పిల్లల సాహిత్యంతోనే మొదలైంది. మర్నాడే పిల్లల కథల పరిశ్రమ పుట్టి ఉంటుందనుకుంటాం కదా. పుట్టలేదు. కారణం మామూలు ఇంజినీరింగ్ పరిమితే. తర్వాత వచ్చిన 78 ఆర్పీఎం గ్రామఫోన్ రికార్డు ఒక వైపు నడిచేది సుమారు మూడు నిమిషాలు. మూడు నిమిషాల్లో పాట పడుతుంది, కథ పట్టదు. రాత్రంతా నడిచే మల్లన్న కథని ఆ రికార్డుల మీద ఎక్కిస్తే వాటిని మొయ్యడానికి బండి కావాలి.

పుస్తకాన్ని పూర్తిగా రికార్డు చెయ్యడమన్నది 1930ల్లో వచ్చింది. అది కూడా చూపు లేనివాళ్ళ కోసం. 1934లో అమెరికాలో, 1935లో ఇంగ్లాండులో టాకింగ్ బుక్స్ మొదలయ్యాయి. ఇంగ్లాండులో వాటి వెనకున్న పెద్ద కారణం మొదటి ప్రపంచ యుద్ధంలో చూపు పోగొట్టుకున్న సైనికులు. మామూలు జనానికి సాహిత్యాన్ని రికార్డుగా అమ్మొచ్చని 1952లో న్యూయార్కులో ఇద్దరు యువతులు, బార్బరా హోల్డ్రిడ్జ్, మరియాన్ మాంటెల్ నిరూపించారు. వాళ్ళు పెట్టిన కేడ్మన్ రికార్డ్స్ ఒక కవిని పిలిచి ఆయన చిన్ననాటి క్రిస్మస్ జ్ఞాపకాల్ని ఆయన గొంతుతోనే చదివించింది. అది ఇళ్ళల్లో కుటుంబమంతా కూర్చుని వినే రికార్డయింది.

అన్నీ మంచి పనులే. కానీ ఈ యంత్రాలన్నిటికీ నోరుందిగానీ చెవుల్లేవు. ప్యాకెట్లు పంపుతూ పోవడమే, చేరాయా లేదా అన్న పట్టింపు లేదు. టీసీపీ పోయి యూడీపీ వచ్చింది. :-)

రేడియో అన్నయ్య చేసిన చిట్కా

మన దగ్గర ఈ సమస్యని పట్టుకున్న వాళ్ళలో ముందు చెప్పుకోవాల్సింది న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల్ని. రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అంటే పెద్దవాళ్ళు ఇప్పటికీ గుర్తుపడతారు. ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం 1938లో మొదలైంది. ఆ తర్వాత కొద్దికాలానికే వీళ్ళిద్దరూ అక్కడ పిల్లల కార్యక్రమం నడపడం మొదలుపెట్టారు. అదే బాలానందం. 1945లో "బాల" అనే పత్రిక కూడా పెట్టారు. బాపు బొమ్మ, ముళ్ళపూడి వెంకటరమణ కథ మొదట అచ్చయింది ఆ పత్రికలోనే. అప్పటికి వాళ్ళిద్దరూ బడిపిల్లలు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1956లో దంపతులిద్దరూ హైదరాబాదు వచ్చేశారు. అంతకుముందు ఇక్కడ నిజాం ప్రభుత్వం నడిపిన దక్కన్ రేడియో ఉండేది, ఎక్కువగా ఉర్దూ. 1950లో అది ఆలిండియా రేడియోలో కలిసింది. అలా హైదరాబాదుకీ బాలానందం వచ్చింది. నారాయణగూడలో ఆంధ్ర బాలానంద సంఘం కూడా పెట్టారు. మీలో ఆ గేటు ముందు నుంచి ఎన్నోసార్లు వెళ్ళిన వాళ్ళుంటారు.

వాళ్ళు చేసిన చిట్కా ఏమిటంటే, పిల్లల్నే స్టూడియోలోకి తీసుకొచ్చి కూర్చోబెట్టారు. పెద్దాయన ఒకడు మైకు ముందు కూర్చుని కథ చదివి వెళ్ళిపోవడం కాదు. చుట్టూ పిల్లలు. వాళ్ళు పాడతారు, నాటకమాడతారు, అడుగుతారు, నవ్వుతారు. రేడియో ముందు కూర్చున్న పిల్లాడి ఊ మద్రాసుకి చేరదు, నిజమే. కానీ స్టూడియోలో ఇంకో పిల్లాడు వాడి తరఫున ఊ కొడుతున్నాడు. ఒగ్గు కథలో వంత చేసే పని ఇదే కదా. కొత్త మాధ్యమం వస్తే పాత పద్ధతిని పారెయ్యకుండా దాంట్లో ఇరికించారు.

బాధ కలిగించే విషయం ఇంకొకటి ఉంది. ఆ రోజుల్లో రేడియోలో చాలా భాగం లైవ్. టేపులు వచ్చాక కూడా వాటికి కరువే, ప్రసారమయ్యాక చెరిపేసి మళ్ళీ వాడుకునేవాళ్ళు. దశాబ్దాల పాటు తెలుగు పిల్లలు విన్న కథల్లో మన చేతికి మిగిలింది చాలా తక్కువ. మనం బ్యాకప్ లేని సర్వర్ గురించి ఆఫీసులో గొడవపడతాం కదా, ఒక భాష పిల్లల కథలన్నీ బ్యాకప్ లేకుండా నడిచాయి. కామేశ్వరి గారు 1980లో, రాఘవరావు గారు 1984లో పోయారు.

క్వార్టర్‌లో ఒకటే రేడియో

ఇక మా ఊరి సంగతి. రామగుండం దగ్గర సింగరేణి బాయిలు తెరుచుకున్నది 1960ల మొదట్లో. చుట్టుపక్కల పల్లెల నుంచి, గోదావరి అవతల నుంచి, కోస్తా నుంచి, ఉత్తరాది నుంచి కూడా జనం పనికొచ్చారు. కంపెనీ క్వార్టర్లలో పక్కపక్క గోడల మధ్య నాలుగు రకాల తెలుగు. తాత వాళ్ళు ఒక పల్లె వదిలి వచ్చారు, ఆ పల్లెలో కథ చెప్పే ముసలమ్మ పల్లెలోనే ఉండిపోయింది. ఆ ఖాళీలోకి రేడియో వచ్చింది.

బాపు చెప్పేవాడు, వాళ్ళ చిన్నప్పుడు వరసలో రెండు మూడు ఇళ్ళకే రేడియో ఉండేదట. ఆదివారం మధ్యాహ్నం విజయవాడ కేంద్రం నుంచి ఉషశ్రీ గారి రామాయణమో భారతమో వస్తుంటే నైట్ షిఫ్ట్ చేసొచ్చిన వాళ్ళు కూడా నిద్ర లేచి వాకిట్లో కూర్చునేవాళ్ళట. ఉషశ్రీ అసలు పేరు పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు. 1970ల్లో ఆయన ప్రసంగాలు వచ్చే సమయానికి వీధులు ఖాళీ అయ్యేవని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన చెప్పే పద్ధతి వింటే కారణం తెలుస్తుంది. ఎదురుగా ఎవరో ఉన్నట్టు అడుగుతాడు, ఆగుతాడు, మనం జవాబిచ్చినట్టే ముందుకు పోతాడు. అంటే మన ఊ కి చోటు వదిలేవాడు. ఖాళీ స్టూడియోలో కూర్చుని అలా చెయ్యడం ఎంత కష్టమో, కెమెరా ఆఫ్ చేసుకున్న ఇరవై మందికి జూమ్‌లో ప్రెజెంటేషన్ ఇచ్చిన వాళ్ళకి తెలుస్తుంది.

ఇంకొకటి సంక్షిప్త శబ్దచిత్రం. సినిమాని మాటలూ పాటలుగా కుదించి రేడియోలో గంటసేపు వేసేవాళ్ళు. బొమ్మ లేని సినిమా. పిల్లలకి అదే ఆడియోబుక్. ఒకటే రేడియో, ఇరవై మంది శ్రోతలు. పిల్లాడికి అర్థం కానిది పక్కింటి అత్త చెప్పేది, అత్త మిస్సయిన డైలాగు పిల్లాడు చెప్పేవాడు.

దుబాయ్ నుంచి వచ్చిన టూ ఇన్ వన్

ఫిలిప్స్ కంపెనీ క్యాసెట్‌ని 1963లోనే తెచ్చింది. మన పల్లెలకి మాత్రం అది 1970ల చివర్లో, 1980ల్లో వచ్చింది. ఉమ్మడి కరీంనగర్ జిల్లాకి దారి గల్ఫ్ నుంచి. దుబాయ్, మస్కట్ వెళ్ళినవాళ్ళు సెలవుకి వస్తూ తెచ్చే వస్తువుల్లో ముందుండేది టూ ఇన్ వన్, అంటే రేడియో, టేప్ రికార్డర్ కలిసిన డబ్బా. క్యాసెట్ వల్ల రెండు మార్పులొచ్చాయి. ఒకటి, ఒక వైపు ముప్ఫై నిమిషాలు, మొత్తం గంట. మూడు నిమిషాల రికార్డుతో పోలిస్తే కథకి చోటు దొరికినట్టే. రెండోది ఇంకా పెద్దది, రికార్డింగ్ చవకయింది. మద్రాసులోనో బొంబాయిలోనో ఉండే పెద్ద కంపెనీ నిర్ణయించిన గొంతే వినాలన్న నియమం పోయింది.

ఆ సందులోంచే ఒగ్గు కథ క్యాసెట్ మీదకి ఎక్కింది. వేములవాడ దగ్గర హన్మాజీపేట మిద్దె రాములు, జనగామ వైపు చుక్క సత్తయ్య లాంటి గొప్ప కథకులున్న కాలం అది. (రాములు గారు 2010లో, సత్తయ్య గారు 2017లో పోయారు.) నాకైతే ఇది తెలుగు వినికిడి చరిత్రలో పెద్ద మలుపు. ఎందుకంటే అప్పటిదాకా యంత్రంలోంచి వచ్చే కథ మా ఇంట్లో మాట్లాడే తెలుగులో ఉండేది కాదు. రేడియో భాష ఒకటి, మా వాకిట్లో భాష ఒకటి. ఒగ్గు కథ క్యాసెట్ తిరుగుతుంటే మొదటిసారి డబ్బాలోంచి నానమ్మ మాట్లాడినట్టు వినపడింది. పైగా వంత కూడా క్యాసెట్లో ఉన్నాడు, ఊ తో సహా రికార్డయింది.

ఇంకోవైపు సినిమా డైలాగుల క్యాసెట్లు. దానవీరశూరకర్ణ (1977) డైలాగులు మోగని పెళ్ళి పందిరి, వినాయకుడి మంటపం ఉండేవి కావు. మా మామయ్యకి అక్షరం రాకముందే అందులో పేజీల కొద్దీ సమాసాలు వచ్చేవట. అర్థం తెలీదు, తప్పు పోదు. ఈ క్యాసెట్లు విన్న పిల్లలు ఊ కొట్టడం దగ్గర ఆగలేదు, యంత్రంతో పాటు తామూ చెప్పేసేవాళ్ళు.

బండిలో కథ వినడం కూడా మాకు అప్పుడే మొదలైంది. సొంత కారు కాదు లెండి. జాతరకి కిరాయికి మాట్లాడుకున్న జీపు, పెళ్ళివారి మెటాడోర్ వ్యాను, డ్రైవర్ తలపక్కన టేప్ రికార్డర్. ఓదెలకో వేములవాడకో పోతూ దారంతా దేవుడి కథ వినడం. పన్నెండు మంది ఒక జీపులో, ముసలమ్మ ఒళ్ళో ఇద్దరు పిల్లలు, ముందు సీట్లో బాపు. ఆడియోబుక్, ఫ్యామిలీ, కారు.. మూడూ ఒకచోట కలిసిన సీను ఇది. దానికి మనమొక పేరు పెట్టుకోలేదంతే.

అదే సమయంలో అమెరికాలో

అక్కడ కథ వేరు. డువాల్ హెక్ట్ అని ఒకాయన, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో పడవ పందెంలో బంగారు పతకం గెలిచిన మనిషి. న్యూపోర్ట్ బీచ్ నుంచి లాస్ ఏంజిలిస్‌కి రోజూ ఆఫీసుకి కారులో వెళ్ళి రావడం, దారిలో రేడియో వినలేక విసుగు. 1975లో "బుక్స్ ఆన్ టేప్" అనే కంపెనీ పెట్టి, పూర్తి పుస్తకాల క్యాసెట్లని పోస్టులో అద్దెకి పంపడం మొదలుపెట్టాడు. ఆడియోబుక్ వ్యాపారం కారు ఎక్కింది అలా. ఆ కారులో ఉన్నది ఒక్కడే మనిషి. ఓఆర్ఆర్ మీద రోజూ గంటన్నర గడిపే మనలాంటి వాడే. తర్వాత 1995లో ఆడిబుల్ మొదలైంది, 1997లో చేత్తో పట్టుకునే ప్లేయర్ తెచ్చింది, 2008లో అమెజాన్ కొనేసింది. ఇవాళ మన ఫోన్లో ఉన్న ఆడియోబుక్ యాప్‌లన్నీ ఆ ఒంటరి డ్రైవర్ వారసులే. ఒక ఖాతా, ఒక జత ఇయర్‌ఫోన్లు, ఒక శ్రోత.

1979లో వచ్చిన సోనీ వాక్‌మన్‌ని కూడా ఇక్కడ చెప్పుకోవాలి. అప్పటిదాకా యంత్రానికి చెవుల్లేకపోయినా పక్కన మనుషులుండేవాళ్ళు. యంత్రానికి వినపడని ఊ వాళ్ళకి వినపడేది. ఇయర్‌ఫోన్ వచ్చి ఆ చివరి ఊ ని కూడా తీసేసింది.

మన దేశంలో పిల్లల ఆడియోబుక్ అని గట్టిగా చెప్పుకోదగ్గ ప్రయత్నం 1996లో చెన్నైలో మొదలైంది. కరాడి టేల్స్. కరాడి అంటే తమిళంలో ఎలుగుబంటి. ఆ ఎలుగుబంటే కథకుడు. నసీరుద్దీన్ షా, గిరీష్ కర్నాడ్ లాంటి వాళ్ళ గొంతులు, మన సంగీతం, పుస్తకంతో పాటు క్యాసెట్. చాలా బాగుంటాయి. కానీ ఇంగ్లీషు. తెలుగు బాలానందం పుట్టిన నగరంలోనే యాభై ఏళ్ళ తర్వాత పిల్లల ఆడియోబుక్ పుడితే అది ఇంగ్లీషులో పుట్టింది. తప్పు వాళ్ళది కాదు. క్యాసెట్‌కి డబ్బులు పెట్టి కొనే తల్లిదండ్రులు పిల్లలకి కొంటున్నది కథొక్కటే కాదు, ఇంగ్లీషు కూడా. తెలుగు ఇంట్లో ఉచితంగా దొరుకుతుంది కదా అన్న లెక్క. ఇంట్లో దొరకడం ఆగిపోయిన రోజు ఆ లెక్క తప్పింది, మనం చూసుకోలేదు.

ఇప్పుడు

ఇప్పుడు సాంకేతికంగా ఏ అడ్డూ లేదు. మూడు నిమిషాల పరిమితి లేదు, ముప్ఫై నిమిషాలకి వైపు తిప్పక్కర్లేదు. ఉషశ్రీ గొంతు నెట్‌లో దొరుకుతోంది, డాలస్‌లో, బే ఏరియాలో కారులో పెట్టుకుని వినే మిత్రులు నాకే ఉన్నారు. దాసుభాషితం లాంటి తెలుగు ఆడియో పుస్తకాల యాప్ వచ్చింది, పెద్దల సాహిత్యం మంచి గొంతులతో దొరుకుతోంది. పిల్లలకి యూట్యూబ్ నిండా తెలుగు కథలే. కానీ అవి కంటి కోసం చేసినవి. బొమ్మ తీసేసి వినండి, ఎవరు మాట్లాడుతున్నారో తెలీదు. "ఇదిగో చూడు" అంటాడు, ఏది చూడాలో కారు నడిపే నాకెలా తెలుస్తుంది?

పైగా ఆ తెలుగంతా ఒకే అచ్చు. పిల్లలు ఇంట్లో ఒక తెలుగు వింటారు, యంత్రంలో ఇంకోటి వింటారు, యంత్రంలోదే ఒప్పు అనుకుంటారు. మా మేనకోడలు ఓ రోజు "అమ్మమ్మ తప్పు తెలుగు మాట్లాడుతుంది" అంది. అమ్మ నవ్వింది కానీ, ఆ పూటంతా ఆచితూచి మాట్లాడటం నేను గమనించాను. అరవై దాటిన మనిషి, మనవరాలి ముందు తన భాషని దాచుకుంది. కథ ఏ గొంతులో వినిపిస్తామన్నది చిన్న విషయం కాదని అప్పుడర్థమైంది.

కారు విషయానికొస్తే, నా లెక్కలో కుటుంబమంతా కలిసి వినే ఆఖరి గది అదే. ఇంట్లో ఎవరి గది వాళ్ళది, ఎవరి స్క్రీన్ వాళ్ళది. కారులో ఒకటే స్పీకరు, డ్రైవర్ కళ్ళు రోడ్డు మీదే ఉండాలి, ఎవరూ లేచి వెళ్ళిపోలేరు. 1970ల క్వార్టర్ వాకిలికి ఇంతకంటే దగ్గరగా వచ్చే చోటు మన జీవితాల్లో ఇంకోటి లేదు. హైదరాబాదు నుంచి ఖనికి నాలుగున్నర గంటలు. రానూ పోనూ తొమ్మిది. ఏడాదికి ఐదారుసార్లు వెళ్తాం. ఆ గంటల్ని ఒంటరి డ్రైవర్ కోసం తయారైన వస్తువుతో నింపుతున్నాం, లేదా పిల్ల చేతికి ట్యాబ్ ఇచ్చి ఊరుకోబెడుతున్నాం.

మా ఇంటి ప్రయోగం

ఆ దసరా సెలవుల్లోనే అమ్మ కథ రికార్డు చేద్దామని కూర్చున్నాను. ఏడు చేపల కథ. గది తలుపులు వేసి, ఫ్యాన్ ఆపి, ఫోన్ని పుస్తకాలకి ఆనించి పెట్టి, "చెప్పు" అన్నాను. అమ్మ రెండు వాక్యాలు చెప్పి ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ ఆగింది. ముప్ఫై ఏళ్ళుగా చెబుతున్న కథ గుర్తురావట్లేదు! "ఫోన్‌కు చెప్పమంటే ఎట్ల చెప్తరా, అది ఊ అనదాయె" అంది.

మేనకోడల్ని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టాను. పిల్ల ఊ అంది. అంతే, కథ పరుగెత్తింది. పుస్తకంలో గడ్డిమేటు ఉంటుంది, అమ్మ కథలో గడ్డివాము. రాజుగారి కొడుకులు వేటకి పోయింది గోదావరి ఒడ్డుకి. పుస్తకంలో లేని ఒక ముసలమ్మ కూడా వచ్చింది, ఎందుకొచ్చిందంటే పిల్ల "మరి వాళ్ళ అమ్మమ్మ ఏది?" అని అడిగింది కాబట్టి. మొత్తం పద్దెనిమిది నిమిషాలు.

రాత్రి దాన్ని ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి ఆడాసిటీలో శుభ్రం చెయ్యడం మొదలుపెట్టాను. వెనక హోరు తీసేశాను, కుక్కర్ విజిల్ తీసేశాను. తర్వాత ఇంజినీరు బుద్ధి కొద్దీ పిల్ల ఊ లన్నీ ఒక్కొక్కటే కోసేశాను. విని చూస్తే కథ కుంటుతోంది. అమ్మ ఎందుకు ఆగిందో, ఎందుకు గొంతు మార్చిందో తెలియట్లేదు. ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్న మనిషి మాటలు ఇవతల నుంచి వింటున్నట్టుంది. అన్‌డూ కొట్టుకుంటూ వెనక్కి వెళ్ళి, ఊ లన్నీ మళ్ళీ పెట్టేశాను. రేడియో అన్నయ్య పిల్లల్ని స్టూడియోలోకి ఎందుకు తెచ్చాడో, ఒగ్గు కథలో వంత ఎందుకున్నాడో చదివి తెలుసుకున్నది ఒక ఎత్తు, ఆ రాత్రి వేవ్‌ఫారం మీద చూసింది ఒక ఎత్తు.

సంక్రాంతికి మళ్ళీ ఖనికి వెళ్తూ కారులో ఆ ఫైలు పెట్టాను. కరీంనగర్ దాటి సుల్తానాబాద్ వైపు పోతున్నాం. స్పీకర్లో గడ్డివాము రాగానే పిల్ల "గడ్డివాము అంటే ఏంది?" అంది. అమ్మ కిటికీలోంచి చూపించింది. కోత మిషన్లు వచ్చాక తగ్గిపోయాయి గానీ, అక్కడక్కడా ఇంకా ఉన్నాయి. ఫైలు ఆపాం, బండి కాస్త నెమ్మది చేశాం, పిల్ల గడ్డివాముని తృప్తిగా చూసింది, మళ్ళీ పెట్టాం. తర్వాత బసంత్‌నగర్ వచ్చేదాకా స్పీకర్లో పిల్ల ఊ అంటుంటే, వెనక సీట్లో పిల్ల కూడా ఊ అంటూనే ఉంది. ఈసారి అమ్మని చూసి నవ్వలేదు.

నేనేదో గొప్ప పని చేశానని కాదు. ఫోన్ అందరి దగ్గరా ఉంది, ఈ పని చెయ్యడానికి కోడింగ్ కూడా రానక్కర్లేదు. ఈసారి ఊరెళ్ళినప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళ చేత ఒక్క కథ చెప్పించి రికార్డు చెయ్యండి. వాళ్ళ భాషని సరిదిద్దకండి. ఎదురుగా ఒక పిల్లనో పిల్లాడినో కూర్చోబెట్టండి. మైకు కాస్త దగ్గరగా పెట్టండి, కారులో టైర్ల హోరుకి మెల్లటి గొంతు వినపడదు. అరగంట దాటనివ్వకండి, టీ కోసం ఆగేలోపు కథ అయిపోవాలి. ఊ లు మాత్రం కొయ్యకండి.

మా నానమ్మ చెప్పిన కథలు నా దగ్గర ఒక్కటీ లేవు. ఆమె పోయేనాటికే ఇంట్లో టూ ఇన్ వన్ ఉంది, ఖాళీ క్యాసెట్లూ ఉన్నాయి, రికార్డు బటన్ ఎర్రగా కనపడుతూనే ఉండేది. ఎవరికీ తట్టలేదు.